పరుగెత్తే బిడ్డకు అడ్డుపడకండి



పదేళ్ల క్రితం ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మా సంఘంలోని ఒక రైతు మా దగ్గరకు వచ్చాడు. "అయ్యగారూ, మా పిల్ల బళ్లె ఆటల్ల గెలిచింది. జిల్లా జట్టుల ఆడెతందుకు రమ్మంటున్రు. పంపాల్నా, వద్దా?" అని అడిగాడు. ఆ అమ్మాయి అప్పుడు తొమ్మిదవ తరగతి. మేము పెద్దగా ఆలోచించలేదు. "ఎదిగిన పిల్ల కదా తమ్ముడూ, నలుగురూ ఏమనుకుంటారో చూసుకో" అన్నాము. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. ఆ అమ్మాయి మళ్లీ మైదానంలో అడుగు పెట్టలేదు.

ఆ మాటను మేము మరచిపోయాము. దానిని మాకు గుర్తు చేసింది మరో రైతు ఇంటి బిడ్డ, సౌమ్య గుగులోత్.

సౌమ్యది మన పొరుగు జిల్లాయే. నిజామాబాద్ జిల్లాలోని కిసాన్ నగర్ తండాలో, ఒక లంబాడా కుటుంబంలో 2001లో పుట్టింది. ఆదిలాబాద్ నుండి హైదరాబాద్ వెళ్లే బస్సు గోదావరి దాటిన తరువాత ఆ ప్రాంతం మీదుగానే పోతుంది. పసుపు, మక్క, ఎర్రజొన్న పండే నేల అది. చిన్నప్పుడు సౌమ్య పరుగు పందేలలో పాల్గొనేది. నిజామాబాద్‌లోని ఒక కోచ్ ఆ వేగాన్ని గమనించి ఆమెను ఫుట్‌బాల్ వైపు మళ్లించాడు.

ఫుట్‌బాల్‌లో జట్టుకు 11 మంది, ఆట 90 నిమిషాలు. గోల్ కొట్టినవారి పేరు పత్రికలో వస్తుంది. కాని మిడ్‌ఫీల్డర్ అనబడే మధ్య వరుస క్రీడాకారుల పని వేరు. వెనుకనున్న వారి నుండి బంతిని అందుకోవాలి, ముందున్న వారికి అందించాలి, బంతి పోతే తిరిగి వెనుకకు పరుగెత్తాలి. మన ఇండ్లలో తల్లులు చేసే పని లాంటిదే అది. ఎవరూ లెక్కపెట్టరు, కాని అది లేకుంటే ఇల్లు నడవదు. సౌమ్య ఆ మధ్య వరుసలోనూ, ముందు వరుసలో పక్కవైపునా ఆడుతూ ఎదిగింది.

2021లో ఆమె భారత మహిళల జట్టులో స్థానం పొందింది. 2021–22లో దేశవాళీ మహిళల లీగ్ గెలిచిన గోకులం కేరళ జట్టులో ఉంది. 2022లో యూరప్‌లోని క్రొయేషియా దేశానికి వెళ్లి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. తండాలో పుట్టిన అమ్మాయి భాష తెలియని చలిదేశంలో ఆటనే ఉద్యోగంగా చేసుకొని నిలబడిందంటే, అది చిన్న సంగతి కాదు. తరువాత కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ జట్టుకు వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఆ జట్టు మొదటిసారి మహిళల లీగ్ గెలిచినప్పుడు, ఒడిషా జట్టుపై ఆ విజయాన్నిచ్చిన ఒకే ఒక్క గోల్ ఆమెదే. మరుసటి నెలలో భువనేశ్వర్‌లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణిగా గౌరవించింది.

"ఆడపిల్లకు ఈ ఆట ఎందుకు?" అనే ప్రశ్న మన పల్లెల్లోనే పుట్టిందనుకోకండి. 1920 డిసెంబరులో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఆడవారి ఫుట్‌బాల్ ఆట చూడటానికి సుమారు 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడు, 1921లోనే, ఆ దేశపు ఫుట్‌బాల్ సంఘం ఈ ఆట ఆడవారికి తగదని చెప్పి, తన మైదానాలను వారికి మూసివేసింది. ఆ తలుపు తెరుచుకోవడానికి దాదాపు 50 ఏళ్లు పట్టింది. మహిళలకు మొదటి ప్రపంచ కప్ 1991లో గాని జరగలేదు. మైదానం మూసింది ఆడపిల్లల కాళ్లలో బలం లేక కాదు, పెద్దల నోటి మాట వల్ల.

అయితే ఆడిన ప్రతి పిల్లా సౌమ్య కాదు. గాయాలు తగులుతాయి, అందరికీ జీతాలు రావు, ఆడే వయసు కొద్దికాలమే. కాబట్టి తల్లిదండ్రులు భయపడటంలో తప్పు లేదు. కాని భయపడి ఇంట్లో కూర్చోబెట్టడం కన్న, వెళ్లి అడగడం మేలు. పిల్లలు ఎక్కడ ఉంటారు? వెంట మహిళా టీచరు వస్తారా? తిండి ఏమిటి? పోయిన పాఠాలు ఎవరు చెప్తారు? ఈ నాలుగు ప్రశ్నలకు సరైన జవాబు దొరికితే పంపవచ్చు. మన కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో ప్రభుత్వ క్రీడా పాఠశాలలున్నాయి. నాలుగవ తరగతిలో చేర్చుకుంటారు, చదువూ ఆటా రెండూ నేర్పుతారు. ఆడపిల్లలకూ అక్కడ చోటున్నది.

సౌమ్య సంగతి పత్రికలో చదివిన తరువాత మేము ఆ రైతు ఇంటికి వెళ్లాము. ఆనాడు తప్పు మాట చెప్పామని ఒప్పుకున్నాము. కూతురికి పెండ్లయింది, దూరాన ఉంటోంది. ఆయన కోపగించలేదు. మంచం వాల్చి, నీళ్లిచ్చి, కొంతసేపు ఊరుకుని ఇట్లన్నాడు: "మీరు పొమ్మంటె పంపుదునయ్యగారూ. మీ నోట ఆ మాట ఇందామనే వచ్చిన."

ప్రియులారా, రేపు మీ ఇంటి గడపలో కూడ ఒక బిడ్డ అదే మాట కోసం నిలబడవచ్చును. దేవుడిచ్చిన తలాంతును మట్టిలో పాతిపెట్టేవారు ఎప్పుడూ సోమరులే కారు. ఒక్కోసారి నలుగురికి భయపడే పెద్దలము కూడ.