పేరు చివర ‘ఎక్స్’ చేరితే..
ఆఫీస్ ఫైళ్ల కొత్త రూపంపై అవగాహన అవసరం

ఇంటి కంప్యూటర్‌లో సిద్ధం చేసుకున్న దరఖాస్తు ఇంటర్నెట్ కేంద్రంలో తెరుచుకోదు. తెరుచుకున్నా పట్టికలు చెదిరిపోతాయి. గడువు చివరిరోజున ఇలా జరిగితే అవకాశమే చేజారవచ్చు. ఇలాంటప్పుడు చాలామంది వైరస్‌ను అనుమానిస్తారు. తరచూ అసలు కారణం ఫైలును భద్రపరచిన రూపమే.

మార్పు ఎప్పుడు?
మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2003 వరకు వర్డ్ ఫైళ్లు ‘డాక్’, ఎక్సెల్ ఫైళ్లు ‘ఎక్స్‌ఎల్‌ఎస్’ రూపంలో భద్రమయ్యేవి. 2007లో విడుదలైన ఆఫీస్ నుంచి వినియోగదారు ప్రత్యేకంగా ఎంచుకోకపోతే ‘డాక్‌ఎక్స్’, ‘ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్’ రూపాల్లో భద్రమవుతున్నాయి. చివరి ‘ఎక్స్’ అక్షరం ఎక్స్‌ఎంఎల్ అనే భాషకు సంకేతం. ఈ పద్ధతిని 2008లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌వో ఆమోదించింది.

లోపల ఏముంది?
కొత్త ఫైలు నిజానికి ఒక జిప్ మూట. అందులో పాఠ్యం, బొమ్మలు, అమరిక వివరాలు వేర్వేరుగా ఉంటాయి. మూట కట్టడం వల్ల సాధారణంగా పరిమాణం తగ్గుతుంది. డాక్‌ఎక్స్‌లో మాక్రోలు నిలవవు. వాటికి ‘డాక్‌ఎం’ రూపం వేరుగా ఉంది. అపరిచితులు పంపిన డాక్‌ఎం ఫైళ్లను తెరవకపోవడమే క్షేమం.

పేరు మారిస్తే చాలదు
ఫైలు పేరులోని ‘ఎక్స్’ను చెరిపేస్తే పాత రూపం రాదు. సీసాపై చీటీ మార్చినంత మాత్రాన లోపలి మందు మారదు కదా! ‘సేవ్ యాజ్’లోకి వెళ్లి ‘వర్డ్ 97-2003 డాక్యుమెంట్’ను ఎంచుకోవాలి. అలా మార్చినప్పుడు గణిత సమీకరణాల వంటివి బొమ్మలుగా మారిపోతాయి. కాబట్టి అసలు ప్రతిని విడిగా దాచుకోవాలి. ఉచితంగా లభించే లిబ్రేఆఫీస్‌లోనూ రెండు రూపాలూ తెరుచుకుంటాయి. అయితే అమరికలో స్వల్ప తేడాలు రావచ్చు.

తెలుగు ఫైళ్లయితే..
డీటీపీ కేంద్రాల్లో వాడే యూనికోడేతర ఫాంట్లతో టైపు చేసిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది. ఫైలు రూపం మార్చినా ఈ చిక్కు తీరదు. యూనికోడ్‌లో టైపు చేయడమే దీనికి శాశ్వత పరిష్కారం.

ఏది పంపాలి?
అవతలివారు దిద్దాల్సిన ఫైలైతే వారి వద్ద ఏ సాఫ్ట్‌వేర్ ఉందో అడిగి, దానికి తగిన రూపంలో పంపాలి. చదవడానికో, ముద్రణకో అయితే ఫాంట్లను పొందుపరచిన పీడీఎఫ్ మేలు. ప్రకటనలో ఫలానా రూపమని నిర్దేశించి ఉంటే దానినే పాటించాలి. పంపేముందు మరో కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూసుకుంటే చివరి నిమిషం హైరానా తప్పుతుంది.