ఆండ్రోమెడా వ్యాజ్యము

కార్తికమాసమున, బహుళపక్షపు రాత్రులందు, చంద్రుడు పొడుచుటకు ముందు, పట్టణదీపముల వెలుగు సోకని చోట నిలిచి చూచువారికి ఉత్తరపు టాకసమున చాల ఎత్తున ఒక చిన్న వెలుగుమచ్చ కనబడును. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్రల చుక్కలు నాలుగును గూడి ఒక పెద్ద చదరముగా నేర్పడియున్నవి. ఆ చదరపు ఈశాన్యపు మూలనుండి ఇంకను ఈశాన్యముగా సాగినచో ప్రకాశవంతమగు చుక్క యొకటి తగులును. అచటినుండి వాయవ్యముగా మఱలి, సన్నని చుక్కలు రెండింటిని దాటినంతనే ఆ మచ్చ. దానికి పాశ్చాత్యులు ఆండ్రోమెడా నీహారిక యని పేరిడిరి; మన భాషలలో కొందఱు దేవయాని యందురు. కంటికి పొగమంచు తునుకవలె దోచు నది యథార్థమునకు మన పాలపుంతను బోలిన మఱియొక మహా నక్షత్రమండలము. నేటి వాడుకలో, సర్పిలాకారపు గెలాక్సీ.

దాని దూరము సుమారు 25 లక్షల కాంతి సంవత్సరములు. ఒక కాంతి సంవత్సరమనగా దాదాపు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. ఈ రాత్రి మన కంటబడు వెలుగు అచట బయలుదేఱిన నాటికి మనజాతి మానవుడు భూమిపై నింకను పుట్టలేదు. ఈ మాట నేడు బడిపిల్లలును చెప్పగలరు. కాని నూఱేండ్లకు పూర్వము ఇది పండితులలోనే తెగని తగవై యుండెను. న్యాయస్థానములతో పరిచయముగలవారికి ఈ చరిత్ర ఒక పొలిమేర వ్యాజ్యమువలె దోపక మానదు. విచారణాంశ మొక్కటియే: ఆ మచ్చ మన పాలపుంత ఎల్లలలోనిదా, వెలుపలిదా? లోనిదైనచో విశ్వమంతయు మన పాలపుంతయే. వెలుపలిదైనచో మన పాలపుంత అసంఖ్యాకమగు మండలములలో నొకటి మాత్రమే.

క్రీ.శ. 964లో పారశీక జ్యోతిర్విదుడు అల్ సూఫీ తన నక్షత్రగ్రంథమున దీనిని చిన్న మేఘముగా పేర్కొనెను. 1612లో జర్మను దేశీయుడగు సైమన్ మేరియస్ దీనిని మొదటిసారిగా దూరదర్శినితో పరికించి వర్ణించెను. 1755లో తత్త్వవేత్తయగు కాంట్, ఇట్టి మచ్చలు మన పాలపుంతవంటి వేఱు నక్షత్రమండలములు కావచ్చునని యూహించెను. ఊహ గొప్పదే గాని దానికి సాక్ష్యము లేదు. 1785లో విలియం హెర్షెల్ ఆండ్రోమెడా దూరము మృగవ్యాధుని దూరమునకు రెండువేల రెట్లను మించదని అంచనా కట్టెను. ఆనాటికది విపరీతమగు దూరము. నేటి లెక్కకు లేశమాత్రము.

1845లో ఐర్లండునందు లార్డ్ రాస్ తాను నిర్మించిన ఆఱడుగుల దర్పణముగల దూరదర్శినితో వేఱొక నీహారికలో సుడివలె తిరిగిన బాహువులను గనుగొనెను. ఆండ్రోమెడా మనవైపునకు మిక్కిలి వాలి, అంచుమీద నిలిపిన పళ్లెమువలె నుండుటచే దాని సుడులు సులభముగా దెలియవు. 1888లో ఐజాక్ రాబర్ట్స్ తీసిన ఛాయాచిత్రమున అవి తొలిసారి స్పష్టపడెను. చిత్రమేమనగా, ఆ సాక్ష్యమే ప్రతిపక్షమునకు బలమయ్యెను. సుడి తిరుగుచున్న వాయువునుండి సూర్యుడును గ్రహములును పుట్టుచున్న దృశ్యమే ఇది యని పలువురు తలచిరి. అంతకు మూడేండ్ల ముందు, 1885లో, దాని నడుమ నొక క్రొత్తచుక్క హఠాత్తుగా మెఱసి, దాదాపు కంటికి గనబడునంతగా వెలిగి ఆఱిపోయెను. అంత దూరమున నున్న చుక్క అంత వెలుగుట అసంభవమనియు, కావున నీహారిక దగ్గఱిదే యనియు వాదము పుట్టెను. తార యొకటి బ్రద్దలై కోట్లకొలది సూర్యుల వెలుగు నీయగలదని ఆనాటివా రెఱుగరు. ఆ సాక్షి అబద్ధమాడలేదు; సాక్ష్యమును తూచు తక్కెడయే అప్పటికి లేదు.

1912లో అమెరికాలోని లోవెల్ వేధశాలయందు స్లైఫర్, ఆండ్రోమెడా సెకనుకు దాదాపు 300 కిలోమీటర్ల వేగముతో మనవైపు వచ్చుచున్నదని వర్ణపటముచే నిర్ణయించెను. 1920 ఏప్రిల్ 26న వాషింగ్టను నగరమున హార్లో షాప్లీ, హీబర్ కర్టిస్ అను నిరువురు పండితులు ఈ వివాదమును సభాముఖమున నెదురెదురుగా నిలిచి వాదించిరి. కర్టిస్, ఆండ్రోమెడాలో తఱచు కనబడు క్రొత్తచుక్కలు మన పాలపుంతలోని వానికంటె ఎంతయో మసకగా నున్నవి గనుక అది మిక్కిలి దూరమనెను. షాప్లీ, మన పాలపుంత మునుపనుకొన్నదానికంటె చాల విశాలమనియు, నీహారికలు వేఱు విశ్వములు కావనియు చెప్పెను. ఆతని పక్షమున బలమైన సాక్ష్యము వాన్ మానెన్ కొలతలు. కొన్నియేండ్ల ఎడముతో తీసిన ఛాయాచిత్రములను పోల్చి, సర్పిల నీహారికలు కంటి కగుపడునంతగా తిరుగుచున్నవని ఆయన ప్రకటించియుండెను. అవి నిజముగా దూరమున నున్నచో, ఆ కొలతల ప్రకారము వాని అంచులు కాంతికంటె వేగముగా తిరుగవలసివచ్చును. వాన్ మానెన్ నిజాయితీపరుడే; కొలతలు మాత్రము తప్పు. నమ్మదగిన సాక్షి చెప్పిన తప్పుసాక్ష్యము తీర్పును కొన్నియేండ్లు ఆపెను.

తీర్పునకు మూలమైన దస్తావేజు హార్వర్డు వేధశాలలో అప్పటికే సిద్ధమై యుండెను. అచట కొలువుచేయుచుండిన హెన్రియెట్టా లీవిట్, క్రమముగా హెచ్చుచు తగ్గుచు వెలుగు సెఫీడ్ తారలను పరిశీలించి, 1912లో ఒక నియమమును స్థాపించెను. ఏ తార పరివృత్తికాలము దీర్ఘమో దాని నిజమైన వెలుగు అంత హెచ్చు. రాత్రివేళ రేవులో దూరమున మినుకుమను దీపము ఎంతటి వత్తిదో తెలిసినచో దాని దూరమును లెక్కగట్టవచ్చునుగదా! ఈ తార లట్టి దీపములు.

1923 అక్టోబరు తొలివారమున మౌంట్ విల్సన్ వేధశాలయందు ఎడ్విన్ హబుల్, నూఱంగుళముల దూరదర్శినితో తీసిన ఛాయాఫలకముపై ఆండ్రోమెడాలో నొక చుక్కను గుర్తించెను. మొదట దానిని క్రొత్తచుక్క యని వ్రాసికొని, పాత ఫలకములతో పోల్చినపిదప ఆ గుర్తును కొట్టివైచి, అది సెఫీడ్ తార యని నిశ్చయించెను. దాని పరివృత్తికాలము సుమారు 31 దినములు. లీవిట్ నియమము ననుసరించి లెక్కింపగా దూరము 9 లక్షల కాంతి సంవత్సరములకు పైబడెను. షాప్లీ చెప్పిన విశాలమైన పాలపుంత సయితము మూడు లక్షలకు మించదు. 1925 జనవరి 1న హబుల్ వ్యాసము వాషింగ్టనులో చదువబడెను, వ్యాజ్యము తీఱెను. హబుల్ యౌవనమున ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్రము చదివినవాడు. సహోద్యోగియగు వాన్ మానెన్ సాక్ష్యమును త్రోసిపుచ్చక, దానిలోని దోషమును బయటపెట్టువఱకు, 1935 దాక, ఆతడు పట్టు విడువకుండుట గమనింపదగినది. వాదులలో నెవ్వరును పూర్తిగా గెలువలేదు, ఓడలేదు. నీహారికల విషయమున కర్టిస్ మాట నిలిచెను. సూర్యుడు పాలపుంతకు కేంద్రము కాడన్న షాప్లీ మాటయు నిలిచెను.

ఐనను ఈ తీర్పు అప్పీలునకు అతీతము కాలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున లాస్ ఏంజిలిస్ నగర దీపములు ఆర్పివేయబడగా, శత్రుదేశ పౌరుడగుటచే యుద్ధకార్యములనుండి దూరముగా నుంచబడిన వాల్టర్ బాడే ఆ చీకటిని సద్వినియోగము చేసికొని, ఆండ్రోమెడా నడిభాగమున తారలను విడివిడిగా గుర్తించెను. సెఫీడ్ తారలు రెండు జాతులని తేలుటచే 1952లో ఆయన దూరములను ఇంచుమించు రెట్టింపుచేసెను. 1970లో వీరా రూబిన్, కెంట్ ఫోర్డ్‌లు ఆండ్రోమెడా వెలుపలి భాగములు ఎంత దూరమైనను వేగము తగ్గక తిరుగుచున్నవని చూపిరి. కనబడు తారల ఆకర్షణ యొక్కటే వానిని పట్టి యుంచజాలదు. కావున కనబడని పదార్థ మేదో కలదనుటకు ఇది ముఖ్యసాక్ష్యములలో నొకటి యయ్యెను. ఆ పదార్థ మేమో నేటికిని తేలలేదు.

ఇప్పటికి దెలిసినంతలో ఆ గెలాక్సీ వ్యాసము లక్షన్నర కాంతి సంవత్సరములకు పైబడినది. దాని నడుమ పది కోట్ల సూర్యుల తూకమును మించిన కృష్ణబిల మొకటి కలదు. ఆకసమున దాని నిడివి నిండుచంద్రుని వెడల్పునకు సుమారు ఆఱు రెట్లు. మన కంటికి దోచునది దాని నడిభాగము మాత్రమే. హబుల్ పేరనే వెలసిన అంతరిక్ష దూరదర్శిని పదేండ్లకుపైగా తీసిన చిత్రములు కూర్చిన పటము 2025 జనవరిలో వెలువడగా, అందు దాదాపు 20 కోట్ల తారలు విడివిడిగా గుర్తింపబడినవి. మన శ్రీహరికోటనుండి 2015 సెప్టెంబరు 28న ఎగసిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహమును అతినీలలోహిత కాంతిలో ఈ గెలాక్సీని పరిశీలించి తన వంతు సాక్ష్యమును జతపఱచినది.

స్లైఫర్ కొలిచిన వేగమున మన సూర్యుని గమనమును తీసివేయగా, రెండు గెలాక్సీలు సెకనుకు సుమారు 110 కిలోమీటర్ల వేగముతో దగ్గఱగుచున్నవి. 2012లో వెలువడిన కొలతలనుబట్టి, ఇంచుమించు 400 కోట్ల సంవత్సరములకు అవి ఢీకొనుట తప్పదని పత్రికలన్నియు వ్రాసినవి. 2025లో హెల్సింకీ పండితులు ప్రధానముగా చేసిన పరిశోధన, ఇరుగుపొరుగు చిన్న గెలాక్సీల ఆకర్షణను, కొలతలలోని అనిశ్చితిని గూడ లెక్కలోనికి దీసికొని, రాబోవు వెయ్యి కోట్ల సంవత్సరములలో ఢీకొనుటకు అవకాశము సగమేయని తేల్చినది. మొదటి వార్త చదివినవా రెందఱో, రెండవది చదివినవారు కొందఱే. విజ్ఞానవార్తను ప్రకటించువారు దాని తేదీని, అది నిలిచిన సాక్ష్యమును, ఆ సాక్ష్యములోని సందేహమును గూడ ప్రకటించుట పాఠకులకు చెల్లింపవలసిన ఋణము. వాన్ మానెన్ కొలతలను ఎల్లరును నమ్మినంతకాలము విశ్వము పాలపుంతయంతటిదే యయ్యెను. వానిని మఱల కొలిచి చూచువా రుండుటచేతనే అది విస్తరించినది.