టాలమీ పద్దులో మన తీరం

క్రీ.శ. 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో టాలమీ రాసిన భూగోళ గ్రంథంలో, మన తూర్పు తీరం దగ్గర ఒక వింత పద్దు ఉంది. అది ఊరి పేరు కాదు, నది పేరూ కాదు. బంగారు దేశానికి పోయే ఓడల 'అఫెటేరియోన్' అని మాత్రం ఉంటుంది. గ్రీకుల ఆటస్థలంలో పరుగుపందెం మొదలయ్యే చోటుకు ఈ మాట వాడేవారు. దాని మూలం 'వదులు' అనే క్రియ. సముద్రం మీద అది ఓడ తీరాన్ని వదిలే చోటైంది. బంగారు దేశమంటే బర్మా, మలయా వైపు.

ఓడలు చాలా దూరం ఒడ్డు వెంబడే నడిచేవి. బంగాళాఖాతం దాటాలంటే మాత్రం ఎక్కడో ఒకచోట ఒడ్డు విడవక తప్పదు. ఎప్పుడన్నది గాలి చేతిలో ఉంటుంది. కార్తీకం దాటాక ఈశాన్యం నుంచి వీచే గాలి, ఆగ్నేయానికి పోయే ఓడకు ఎడమ పక్కన తగులుతుంది. తెరచాపను వాలుగా తిప్పి కడితే ఆ గాలి ఓడను కొంత ముందుకూ కొంత పక్కకూ నెడుతుంది. పక్కకు పోకుండా నీట మునిగిన అడుగుభాగం చాలావరకు అడ్డుకుంటుంది. ఇక మిగిలేది ముందుకు నడక. తిరిగి రావాలంటే నైరుతి గాలి దాకా ఆగాలి. వాయవ్యానికి తిరిగిన ఓడకు అదీ ఎడమ పక్క గాలే! మధ్యలో నెలల తరబడి పరదేశంలో పడిగాపులు.

టాలమీకి ముందే మారినోస్ అనే ఆయన మన తీరంలోని పలౌర అనే ఊరి నుంచి అవతలి ఒడ్డున ఉన్న సాదకు 13,000 స్టేడియాలని లెక్కగట్టాడు. మన లెక్కలో సుమారు 2,400 కిలోమీటర్లు. ఓడ తిన్నగా పోదు కదా అని టాలమీ అందులో మూడోవంతు కోసేశాడు. అయినా ఎక్కువే, మన శ్రీకాకుళం నుంచి అవతల బర్మాలోని అరకాన్ తీరం వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది.

ఇంతకీ పలౌర ఎక్కడ? ఫ్రెంచి పండితుడు సిల్వేన్ లెవీ 1925లో ఒక చక్కని ముడి విప్పాడు: 'పల్' అంటే పన్ను, ఊరు కలిపితే దంతపురం. అది కళింగుల పాత రాజధాని, శ్రీకాకుళం, కళింగపట్నం పరిసరాల్లోనిదేనని ఆయన వాదన. సరుబుజ్జిలి మండలంలో దంతపురం కోట దిబ్బలు నేటికీ ఉన్నాయి. కాదు, గంజాం జిల్లా పాలూరే పలౌర అని మరికొందరు. పేరు బట్టి చూస్తే వాళ్ల మాటా కొట్టిపారేయలేం.

అయితే టాలమీ జాబితా అక్కడ దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది. అందులో అఫెటేరియోన్ పలౌరకు ముందు, వేరే పద్దుగా వస్తుంది. కాబట్టి పలౌరను గంజాంకే ఇచ్చేసినా, ఓడలు ఒడ్డు విడిచిన చోటును దానికి దక్షిణాన, బారువ, కళింగపట్నాల వైపే వెతకాలి.