ఆంగ్లికన్ బిషప్పుల సిద్ధాంత నిబద్ధత: సమ్మతి ప్రమాణం దృష్ట్యా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఆంగ్లికన్ సంఘ నాయకులు తమ చారిత్రక సిద్ధాంతానికి కట్టుబడి ఉన్నారా అనే ప్రశ్నపై వాదోపవాదాలు తీవ్రంగా సాగుతున్నాయి. అయితే వారు దేనికి కట్టుబడతామని ప్రమాణం చేశారో తెలియనిదే ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేం. ఇంగ్లండ్ సంఘంలో ఆ ప్రమాణం మారుతూ వచ్చిన తీరును, దాని పర్యవసానాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రమాణ పరిణామం

1571లో తుదిరూపం పొందిన ముప్పై తొమ్మిది విశ్వాస సూత్రాలు, 1662 నాటి సామాన్య ప్రార్థనా గ్రంథం, అభిషేక క్రమం ఈ సంఘ సిద్ధాంతానికి ఆధార పత్రాలు. ఇవి పరిశుద్ధ గ్రంథానికి లోబడినవే. మహాసభలు సైతం పొరపాటు పడవచ్చునని ఇరవై ఒకటవ సూత్రం అంగీకరిస్తుంది.

1604 నాటి సంఘ నియమాల ప్రకారం అభిషేకం పొందేవారు ఈ సూత్రాలలో ప్రతి ఒక్కటీ దైవవాక్యానుసారమేనని సంతకం చేయవలసి ఉండేది. 1865 చట్టం ‘ప్రతి ఒక్కటీ’ అనే నిర్బంధాన్ని తొలగించి, సాధారణ సమ్మతితో సరిపెట్టింది. 1975 నుండి అమలులో ఉన్న ప్రమాణంలో ఈ పత్రాలు క్రైస్తవ సత్యానికి సాక్ష్యమిచ్చిన చారిత్రక వారసత్వంగా మాత్రమే పేర్కొనబడ్డాయి. అంటే, కొలిచే కొలబద్దే మూడు దశల్లో సడలింది.

రెండు సందర్భాలు

1984లో డర్హామ్ బిషప్పుగా అభిషిక్తుడైన డేవిడ్ జెంకిన్స్, కన్యకా జననం, పునరుత్థానాల గురించి వెలిబుచ్చిన అభిప్రాయాలు పెద్ద దుమారం రేపాయి. 1986లో బిషప్పుల సభ సంఘ విశ్వాసాన్ని పునరుద్ఘాటించింది. అయినా జెంకిన్స్ 1994 వరకు పదవిలో కొనసాగారు. సంఘం ఉమ్మడిగా ఒప్పుకునే విశ్వాసం వేరు, వ్యక్తి చేసుకునే వ్యాఖ్యానం వేరు అనే విభజన ఇక్కడ ఆచరణలో కనిపిస్తుంది.

2023లో స్వలింగ జంటల కోసం ప్రార్థనలను ఆమోదించినప్పుడు, వివాహ సిద్ధాంతం మారలేదని బిషప్పులు ప్రకటించారు. సంఘ నియమాల ప్రకారం కొత్త ఆరాధనా రూపాలు ముఖ్య విషయాలలో సిద్ధాంతం నుండి వైదొలగకూడదు. కనుక వివాదమంతా ఏది ‘ముఖ్యం’, దానిని ఎవరు నిర్ణయించాలి అన్న చోట కేంద్రీకృతమైంది. ప్రార్థనా గ్రంథమే సిద్ధాంతాధారమైన సంఘంలో, ప్రార్థన మారితే బోధ మారినట్లేనన్న విమర్శకుల వాదన తేలికగా కొట్టిపారవేయదగినది కాదు.

దక్షిణ భారత సంఘం

దోర్నకల్ వంటి ఆంగ్లికన్ అధ్యక్షమండలాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో విలీనమయ్యాయి. ఆ ఐక్యతా ఒప్పందం అపొస్తలుల, నైసియా విశ్వాస ప్రమాణాలను స్వీకరిస్తూనే, వాటిలోని ప్రతి పదానికీ వ్యక్తుల సమ్మతిని కోరలేదు. సహేతుకమైన వ్యాఖ్యాన స్వేచ్ఛకు తావిచ్చింది. అయితే ఆ సడలింపును ముందుగానే, లిఖితపూర్వకంగా ప్రకటించింది.

ముగింపు

నేటి ప్రమాణం దృష్ట్యా అనేకమంది బిషప్పులను ప్రమాణభంగం చేసినవారిగా నిరూపించడం కష్టం. 1604 నాటి ప్రమాణం దృష్ట్యా వారిని సమర్థించడమూ అంతే కష్టం. అందువల్ల నిబద్ధతకు అసలు పరీక్ష మార్పు జరిగిందా లేదా అన్నది కాదు. జరిగిన మార్పును మార్పుగా ఒప్పుకొని, సంఘ సభల ముందుంచి, లేఖనాధారంగా సమర్థించుకున్నారా అన్నదే ఆ పరీక్ష. ఏమీ మారలేదని చెబుతూ మార్చడం సంస్కరణవాదులకూ సంప్రదాయవాదులకూ సమానంగా నష్టం కలిగిస్తుంది.