గాజుపోగులో పుట్టే వెలుగు

కొత్తగా కొన్న బంగారు గాజును తిప్పి, లోపలి వైపు భూతద్దంతో చూస్తే హాల్‌మార్క్ పక్కన ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తొకటి కనబడుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ హెచ్‌యూఐడీ లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు. ఆ సన్నటి గీతల్ని చెక్కేది లేజర్. ఇలాంటి ముద్రలు వేసే యంత్రాలు చాలావాటిలో ఆ లేజర్ పుట్టేది సన్నటి గాజుపోగులో. బలం పెంచితే అదే జాతి లేజర్ ఉక్కు పలకల్ని కోస్తుంది.

ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ వెలుగును మోస్తుందే తప్ప పుట్టించదు. పుట్టించాలంటే పోగు నడిమి భాగమైన కోర్‌లో ఇటర్బియం లాంటి మూలకాన్ని చిటికెడు కలపాలి. డయోడ్ లేజర్ల వెలుగు పడగానే ఇటర్బియం ఆ శక్తిని మింగి దాచుకుంటుంది. దారిన వెళ్లే పరారుణ కాంతి తగిలితే అచ్చం అలాంటి కాంతినే దానికి జత చేస్తుంది. పోగు పొడుగ్గా, సన్నగా ఉండటంతో వేడి పక్కలకు తేలిగ్గా జారిపోతుంది. లావుపాటి కడ్డీలతో చేసిన లేజర్లకు ఆ సౌకర్యం లేదు.

ఈ ఊహ కొత్తదేమీ కాదు. అమెరికాలో ఎలియస్ స్నిట్జర్ 1961లోనే గాజులో నియోడిమియం కలిపి లేజర్ చేశారు. 1964లో చార్లెస్ కోస్టర్‌తో కలిసి, మీటరు పొడవు పోగును ఫ్లాష్‌ల్యాంపు చుట్టూ స్ప్రింగులా చుట్టి, అందులో వెళ్లే కాంతిని వేల రెట్లు పెంచి చూపించారు. అయినా ఫైబర్ లేజర్ చాలా ఏళ్లు బలహీనంగానే ఉండిపోయింది. అంత సన్నటి కోర్‌లోకి సరిపడా వెలుగు దూర్చడమెలా?

దారి చూపింది మళ్లీ స్నిట్జర్ బృందమే. 1988లో కోర్ చుట్టూ వెడల్పాటి గాజు పొర ఇంకొకటి పెట్టారు. డయోడ్ వెలుగును ఆ పొరలోకి పోస్తే చాలు, పోగు పొడవునా వెళ్తూ కాస్త కాస్తగా కోర్‌లోకి ఇంకుతుంది. కానీ పొర నున్నగా గుండ్రంగా ఉంటే చిక్కొకటి ఉంది. కొన్ని కిరణాలు గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ గర్భగుడి గడప తొక్కని భక్తుల్లా, కోర్‌ను తాకకుండానే తిరుగుతూ వెళ్లిపోతాయి. అందుకే ఆ పొర అంచును ఒకవైపు చదును చేస్తారు, లేదా పలకలుగా మలుస్తారు. అంచు తగలగానే కిరణం దారి తప్పుతుంది, ఎప్పుడో ఒకప్పుడు కోర్‌ను దాటక తప్పదు. చూడ్డానికి ఎంతో చిన్న మార్పు, దాంతోనే ఫైబర్ లేజర్‌కు బలం వచ్చింది. 2004లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక్క పోగు నుంచే 1.36 కిలోవాట్ల లేజర్ తీశారు.

కలిపే మూలకాన్ని బట్టి పోగు పని మారుతుంది. ఎర్బియం కలిపితే సముద్రగర్భ కేబుళ్లలో నీరసించిన సంకేతాలకు బలమిస్తుంది. థులియం కలిపితే వచ్చే కాంతిని నీరు ఇట్టే పీల్చుకుంటుంది, అందుకే మూత్రపిండాల్లో రాళ్లను పిండి చేయడానికి వైద్యులు దాన్ని వాడుతున్నారు. కోల్‌కతాలోని కేంద్ర గాజు, సిరామిక్ పరిశోధన సంస్థలోనూ ఇలాంటి ప్రత్యేక పోగుల మీద పని జరుగుతోంది.

ఇన్నాళ్లూ గాజులో ఏం కలపాలా అని ఆలోచించినవాళ్లు ఇప్పుడు వెలుగు దారిలోంచి గాజునే తీసేస్తున్నారు. మరీ బలమైన లేజర్ మామూలు పోగులో ఎక్కువ దూరం వెళ్తే గాజు ప్రభావంతో దాని రంగే మారి, శక్తి చెదిరిపోతుంది. నడిమి భాగం బోలుగా ఉండే పోగులో వెలుగు దాదాపుగా గాలిలోనే నడుస్తుంది. 2022లో సౌతాంప్టన్ బృందం అలాంటి పోగులో ఒక కిలోవాట్ లేజర్‌ను కిలోమీటరు దూరం పంపింది.