వాదం వేరు, వితండ వేరు

నేడు రచ్చబండ అరచేతిలోకి వచ్చింది. మన శృంగవరపుకోటలోనూ సెల్‌ఫోన్ తెరపై రాజకీయం, ఉద్యోగం, క్రికెట్, సినిమా - దేనిమీదనైనా తగవే. అక్కడ రాజుకున్న మాట ఇంటికి చేరి అన్నదమ్ముల మధ్య పలకరింపులనే మాన్పిస్తున్నది.

పాఠకులారా! వాదించడం దోషమా? కాదు. వాదించేవారిలో వాదాన్ని తానేనని శ్రీకృష్ణ పరమాత్మ గీత విభూతియోగంలో పలికాడు. ఏది వాదం? గౌతమ మహర్షి న్యాయసూత్రాలు మూడు తెరగులు చెప్పాయి. సత్యనిర్ణయానికై చేసేది వాదం. గెలుపే లక్ష్యమైనది జల్పం. తనదంటూ ఒక పక్షం నిలపక, ఎదుటివారిని ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండ. మనం చేస్తున్నది ఏదో ఎవరికి వారే పరీక్షించుకోవాలి.

శాస్త్రగ్రంథాలలో ముందు పూర్వపక్షం, పిదప సిద్ధాంతం. శంకర భగవత్పాదుల భాష్యాలలోనూ ఇదే పద్ధతి. ఎదుటివారి మాటను సవ్యంగా వినిపించనిదే దానిని కాదనే అధికారం రాదు.

దూరమెందుకు? విజయనగరంలో జీవించిన గురజాడ అప్పారావుగారు వాడుకభాషకై 1914లో మదరాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించారు. ఘాటుగానే వాదించారు, కానీ పూర్వగ్రంథాల నుండి ఆధారాలు చూపి వాదించారు.

ఉద్వేగం కలిగించనిది, సత్యము, ప్రియము, హితము అయిన మాటను గీత పదిహేడవ అధ్యాయం వాఙ్మయ తపస్సన్నది. కనుక జవాబిచ్చే ముందు ఎదుటివారి అభిప్రాయాన్ని ఒక్క వాక్యంలో చెప్పి, “నీ మాట ఇదేనా?” అని అడగండి. ఇప్పటికే మాట తూలి ఉంటే, ఈ ఆదివారం వారింటికి వెళ్ళి కుశలమడగండి. ఫోనులో కాదు, గుమ్మంలో నిలిచి.