17 ఇంచుల అలాయ్స్ వేయిస్తున్నారా? ముందు ‘జె’ నంబర్ చూడండి

ఫోన్ కొనేటప్పుడు మనం ఎన్ని లెక్కలు వేస్తాం! ఛార్జర్ ఎన్ని వాట్లు, డిస్‌ప్లే ఎన్ని నిట్స్, ర్యామ్ ఏ టైపు, స్టోరేజ్ ఏ వెర్షన్... ఒక్కటి తేడా వచ్చినా కార్ట్‌లోంచి తీసేస్తాం. అదే ఒక ఫ్లాగ్‌షిప్ ఫోన్ అంత ఖర్చుపెట్టి కారుకి అలాయ్స్ వేయించేటప్పుడు మాత్రం షాపులో అడిగేది ఒకటే ప్రశ్న: “అన్నా, 17 ఉందా? 18 ఉందా?”

గ్యాడ్జెట్ సైట్‌లో టైర్ల గోలేంటి అనుకోకండి. ఇప్పటి కారులో స్పీడోమీటర్, ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్ అన్నీ చక్రం ఎంత వేగంగా తిరుగుతోంది అన్న సెన్సార్ లెక్క మీదే పనిచేస్తాయి. టైరు సైజు మారిస్తే ఆ సెన్సార్లకి అందే డేటా మారినట్టే. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం మీరు టైర్లు మార్చిన సంగతి తెలీదు.

ఉదాహరణకి ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీని తీసుకుందాం. మన బడ్జెట్‌లో స్పోర్ట్స్ సెడాన్ అంటే కుర్రాళ్లు ముందు చెప్పే పేర్లలో ఇదొకటి. 1.5 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజిన్, 150 పీఎస్ పవర్, 250 ఎన్ఎం టార్క్. కంపెనీ ఇచ్చే టైరు 205/55 ఆర్16. కొన్నాక మొదట మార్చాలనిపించేది ఆ 16 ఇంచుల చక్రాలనే.

నంబర్లు ఏం చెప్తున్నాయి?

205 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అంటే సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 55 శాతం అని. ఆర్ అంటే రేడియల్. 16 అంటే రిమ్ము వ్యాసం, ఇంచుల్లో.

టైరు మీద కనబడని ఇంకో నంబర్ రిమ్ము మీద ఉంటుంది. 17×7జె అని రాసి ఉంటే 17 వ్యాసం, 7 ఇంచులు రిమ్ము వెడల్పు. జె అనేది టైరు అంచు కూర్చునే గాడి ఆకారానికి గుర్తు. షాపుల్లో బోర్డు మీద పెద్దక్షరాల్లో రాసేది 17 అని. మీ టైరు సరిగ్గా కూర్చుంటుందా లేదా తేల్చేది మాత్రం ఆ 7. రిమ్ము వెనకవైపో, స్పోక్ లోపలో చిన్నగా అచ్చు వేసి ఉంటుంది. డబ్బులు ఇచ్చేముందు ఫోన్ టార్చ్ వేసి చూడండి.

ఏ టైరుకి ఎంత రిమ్ము?

ప్రతి టైరు సైజుకీ కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అని రిమ్ము వెడల్పు నిర్ణయించి ఉంటుంది. టైరు కంపెనీల సైట్లలో స్పెసిఫికేషన్స్ పేజీలో చూడొచ్చు. మనకి పనికొచ్చే సైజులు ఇవి:

• 205/55 ఆర్16: 5.5 నుంచి 7.5 ఇంచులు
• 205/50 ఆర్17: 5.5 నుంచి 7.5 ఇంచులు
• 215/45 ఆర్17: 7 నుంచి 8 ఇంచులు
• 225/45 ఆర్17: 7 నుంచి 8.5 ఇంచులు
• 225/40 ఆర్18: 7.5 నుంచి 9 ఇంచులు

ఈ లెక్కని కార్ల కంపెనీలు ఎంత సీరియస్‌గా తీసుకుంటాయో చూడాలంటే బీఎండబ్ల్యూ 3 సిరీస్ ఎఫ్30 ఎమ్ స్పోర్ట్ 18 ఇంచుల సెట్ చూడండి. ముందు 225/45 టైరుకి 8 ఇంచుల రిమ్ము, వెనక 255/40 టైరుకి 8.5 ఇంచుల రిమ్ము. నాలుగు చక్రాల వ్యాసం ఒకటే. వెనక టైరు వెడల్పయింది కాబట్టి రిమ్మునీ వెడల్పు చేశారు.

రిమ్ము మరీ సన్నగా ఉంటే టైరు బుడగలా ఉబ్బి, మలుపుల్లో పక్కకి ఒరుగుతుంది. స్టీరింగ్ తిప్పాక కారు కాస్త ఆలస్యంగా కదిలినట్టు అనిపిస్తుంది. ట్రెడ్ మధ్యలో ఎక్కువ అరుగుతుంది. మరీ వెడల్పుగా ఉంటే సైడ్‌వాల్ సాగి రిమ్ము అంచు టైరు కంటే బయటికి వస్తుంది. ఫుట్‌పాత్ తగిలినా, గుంతలో పడినా దెబ్బ నేరుగా రిమ్ముకే. గాలి తగ్గినప్పుడు టైరు అంచు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం కూడా ఎక్కువే. చూడ్డానికి ‘స్ట్రెచ్’ లుక్ బాగుందనే వాళ్లున్నారు. ఫొటోకి సరే, వానాకాలం మన రోడ్ల మీద కాదు.

ఎక్కింది కదా అని సరిపోయినట్టు కాదు

మా బాబాయ్ వాళ్లబ్బాయి వరంగల్‌లో ఉంటాడు. వాడిదీ ఇదే కారు. ఒక షాపులో సెకండ్ హ్యాండ్‌లో 17×8జె రిమ్ములు దొరికాయి. షాపు వాళ్ల దగ్గర 205/50 ఆర్17 టైర్లు ఉన్నాయి, అవే ఎక్కించేశారు. “ఎక్కింది కదా తమ్ముడూ, సైజు కరెక్టే” అన్నారట. పై లిస్టు చూడండి, ఆ టైరుకి గరిష్ఠం 7.5. అర ఇంచు దాటింది.

టైరు మెషీన్‌కి ఈ లిస్టులు తెలీవు, గాలి ప్రెషర్‌తో ఎక్కించేస్తుంది. రెండు నెలల తర్వాత కారు హైదరాబాద్ వచ్చింది. 80 దాటితే స్టీరింగ్ వణుకుతోందని నన్ను చూడమన్నాడు. ముందు రెండు రిమ్ముల అంచులు లోపలికి వంగి ఉన్నాయి. ఎడమ ముందు టైరు సైడ్‌వాల్ మీద నిమ్మకాయంత బుడగ. సైడ్‌వాల్ లోపలి దారాలు తెగితేనే ఆ బుడగ వస్తుంది. ఎప్పుడు పేలుతుందో చెప్పలేం, ప్యాచ్ వేయడానికీ కుదరదు. అదే కారులో ముందురోజు రాత్రి బాబాయ్, పిన్ని వెనక సీట్లో కూర్చుని వచ్చారు.

టైరు మార్చి స్టెప్నీతో కదిలించాం. తర్వాత వాడు ఆ రిమ్ములు అమ్మేసి 17×7జె సెట్ తీసుకున్నాడు. బాగున్న టైర్లు వాటికే పనికొచ్చాయి, దెబ్బతిన్నవి మాత్రం కొత్తవి కొన్నాడు. తేడా ఒక్క ఇంచు వెడల్పే.

మొత్తం ఎత్తు మారకూడదు

రిమ్ము పెద్దదైతే సైడ్‌వాల్ చిన్నదవ్వాలి, చక్రం మొత్తం వ్యాసం దాదాపు అంతే ఉండాలి. లెక్క ఈజీ: వెడల్పు × శాతం × 2, దానికి రిమ్ము ఇంచులు × 25.4 కలపండి. ఒరిజినల్ 205/55 ఆర్16కి 631.9 మి.మీ. వస్తుంది. మిగతావి:

• 205/50 ఆర్17: 636.8 మి.మీ. (0.8 శాతం ఎక్కువ)
• 215/45 ఆర్17: 625.3 మి.మీ. (1 శాతం తక్కువ)
• 225/45 ఆర్17: 634.3 మి.మీ. (0.4 శాతం ఎక్కువ)
• 215/50 ఆర్17: 646.8 మి.మీ. (2.4 శాతం ఎక్కువ)

చివరిది వేస్తే మీటర్‌లో అదే స్పీడ్ కనిపిస్తున్నా కారు ఇంతకు ముందు కంటే 2.4 శాతం వేగంగా వెళ్తుంటుంది. ఓడోమీటర్ మాత్రం తక్కువ లెక్కేస్తుంది. నేనైతే తేడా ఒక శాతం లోపల ఉండేలా చూస్తాను.

లోడ్ ఇండెక్స్: ఎవరూ చూడని నంబర్

సైజు పక్కన 91వి అని ఉంటుంది. 91 అంటే ఆ టైరు 615 కిలోలు మోయగలదు, వి అంటే గంటకి 240 కిలోమీటర్ల స్పీడ్ రేటింగ్. 215/45 ఆర్17 మామూలు వెర్షన్‌లో 87 వస్తుంది, అంటే 545 కిలోలు. టైరుకి 70 కిలోలు తగ్గింది, నాలుగింటికీ కలిపి 280. టైరు వెడల్పయింది కదా ఎక్కువ మోస్తుందిలే అనుకుంటే పొరపాటే. సైడ్‌వాల్ చిన్నదై లోపల గాలికి చోటు తగ్గింది కాబట్టి మోసే శక్తీ తగ్గింది. ఇదే సైజులో ఎక్స్‌ఎల్ అని రాసున్న 91 తీసుకోండి. ఎక్స్‌ఎల్‌కి ప్రెషర్ కాస్త ఎక్కువ కావాలి, కంపెనీ చార్ట్ చూసి పెట్టించండి.

ఆఫ్‌సెట్, సెంటర్ బోర్, బోల్టులు

రిమ్ము మీద ఈటీ అని ఉండేది ఆఫ్‌సెట్. రిమ్ము సరిగ్గా మధ్య గీత నుంచి, కారుకి బిగించే ముఖం ఎన్ని మి.మీ. దూరంలో ఉందో చెప్తుంది. ఉదాహరణకి 6.5జె ఈటీ40 తీసి 7.5జె ఈటీ35 వేశారనుకోండి. బయటి అంచు 17.7 మి.మీ. బయటికి, లోపలి అంచు 7.7 మి.మీ. లోపలికి జరుగుతాయి. బయట మడ్‌గార్డ్‌కి, లోపల సస్పెన్షన్‌కి ఉన్న ఖాళీ కొలవకుండా ఇలా వేస్తే నలుగురు ఎక్కి స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడు ‘గర్ర్’ మని రుద్దుకోవచ్చు.

వర్టస్‌కి పీసీడీ 5×100, సెంటర్ బోర్ 57.1 మి.మీ. బయట దొరికే చాలా అలాయ్స్‌కి బోర్ 73.1 ఉంటుంది. మధ్యలో హబ్ రింగ్ వేయకపోతే ఎంత బ్యాలెన్సింగ్ చేయించినా వైబ్రేషన్ పోకపోవచ్చు. ఇంకోటి, ఫోక్స్‌వ్యాగన్ ఒరిజినల్ బోల్టు తల కింద గుండ్రంగా ఉంటుంది. చాలా బయటి అలాయ్స్‌కి కోన్ ఆకారం కావాలి. పాత బోల్టులే బిగిస్తే సరిగ్గా కూర్చోక లూజవుతాయి. కొత్త బోల్టులు బిల్లులో రాయించుకోండి.

వెడల్పు టైరుతో గ్రిప్ పెరుగుతుందా?

పొడి రోడ్డు మీద మలుపుల్లో పెరగొచ్చు. కానీ వెడల్పు టైరు ఒకేసారి ఎక్కువ నీళ్లని పక్కకి తొయ్యాలి. నీళ్లు నిలిచిన రోడ్డు మీద తేలిపోయే అవకాశం ఎక్కువ. బరువైన రిమ్ము అయితే సస్పెన్షన్‌కి పని, మైలేజీకి కోత. సైడ్‌వాల్ తగ్గితే గుంత దెబ్బ రిమ్ముకి దగ్గరవుతుంది. మీకు కావాల్సింది నిజంగా గ్రిప్ అయితే, ఒరిజినల్ రిమ్ముల మీదే 205/55 ఆర్16లో మంచి కాంపౌండ్ ఉన్న టైర్లు వేయండి. తక్కువ ఖర్చులో ఎక్కువ తేడా తెలిసేది దీంతోనే.

నా వెర్డిక్ట్

లుక్ కావాలి, రోజూ తిరగాలి అంటే 17×7జె రిమ్ము, 205/50 ఆర్17 టైరు. వెడల్పే కావాలంటే 17×7.5జె మీద 225/45 ఆర్17, అదీ ఆఫ్‌సెట్ కొలిపించుకున్నాకే. 18 ఇంచులు ఈ కారుకి, మన రోడ్లకి నేను చెప్పను.

వేయించే ముందు డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్, మాన్యువల్‌లో కంపెనీ ఒప్పుకున్న సైజులు చూసుకోండి. అందులో లేని సైజు వేస్తే సస్పెన్షన్ వారంటీ క్లెయిమ్‌లో పేచీ రావొచ్చు, ఇన్సూరెన్స్ కంపెనీకీ ముందే చెప్పి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

షాపుకి వెళ్లాక అడగాల్సింది ఈ వరసలో: రిమ్ము వెడల్పు ఎన్ని జె? ఈటీ ఎంత? ఈ టైరుకి ఆ వెడల్పు లిస్టులో ఉందా? లోడ్ ఇండెక్స్ 91కి తగ్గలేదు కదా? హబ్ రింగ్, బోల్టులు ఇస్తున్నారా? వీటికి సమాధానం చెప్పకుండా “అందరూ ఇదే వేయిస్తున్నారు” అంటే, బండి స్టార్ట్ చేసి పక్క షాపుకి వెళ్లిపోండి.